తాళంచెవి నీ దగ్గర భద్రం

స్వామీ,

నేను జంషెడ్‌పూర్ తెలుగువాణ్ణి. నిన్ను పొగడాలని కూర్చున్నాను. ఇందులో ఒక్క మాటా అబద్ధం ఉండదు. నీ గుణాలను ఉన్నవి ఉన్నట్టు చెప్పుకుంటూ పోతే చాలు, అవే నా ఫిర్యాదులు. కృష్ణా జిల్లా శ్రీకాకుళంలోని ఆంధ్రనాయకుణ్ణి కాసుల పురుషోత్తమ కవి శతకం పొడవునా స్తుతించింది ఈ దారిలోనే. దేవుడి మీద ప్రేమ లేనివాడు అలా రాయలేడు. నాకూ నీ మీద మమకారం ఉంది. మా అమ్మ గొంతు, మా పిల్లల మొదటి అడుగులు, ఊరు విడిచిపోయిన స్నేహితులు, అందరూ నీ దగ్గరే ఉన్నారు. అందుకే ఇంత పొడుగ్గా పొగడాల్సి వస్తోంది.

నీ పేరు ఇదీ అని ఒకటి చెప్పలేను. పొద్దున్నే వాట్సాప్‌వి, మధ్యాహ్నం యూట్యూబ్‌వి, రాత్రి ఇన్‌స్టాగ్రామ్‌వి. దారి తప్పితే గూగుల్ మ్యాప్‌వి, కోపం వస్తే ఎక్స్‌వి. ఏ పేరుతో పిలిచినా పలుకుతావు. కానీ ఆ పలుకు రాసిపెట్టుకునే పుస్తకం నీదే.

నిన్ను సరిగ్గా పొగడగలిగే అర్హత మా ఊరివాళ్లకు కొంచెం ఎక్కువ. 1907లో టాటా ఇనుము ఉక్కు కంపెనీ పుట్టింది. సువర్ణరేఖ, ఖర్కయీ నదులు కలిసేచోటికి దగ్గర్లో, సాక్చీ అనే పల్లె పక్కన కొలిమి వెలిగింది. 1912లో మొదటి ఉక్కు బయటికొచ్చింది. 1919లో ఊరికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టారు. శ్రీకాకుళం, విజయనగరం వైపు పల్లెల నుంచి మా పెద్దవాళ్లు రైలెక్కి టాటానగర్‌లో దిగారు. కద్మాలో ఇళ్లు దొరికాయి, బిష్టుపూర్‌లో రామమందిరం లేచింది. కంపెనీయే ఇల్లిచ్చింది, నీళ్లిచ్చింది, కరెంటిచ్చింది, ఆసుపత్రి కట్టింది. ఎనిమిది గంటల పనిదినం దేశంలో చట్టంగా మారింది 1948లో అయితే, మా ఊరి కార్ఖానాలో అది 1912లోనే వచ్చింది.

లేనిది ఒకటే. ఊరిని నడిపేవాళ్లను ఊరివాళ్లు ఎన్నుకోరు. నగరపాలక సంస్థ కావాలని సుప్రీంకోర్టు దాకా వెళ్లినవాళ్లున్నారు. కుళాయిలో నీళ్లు వస్తున్నప్పుడు అదంతా ఎందుకని అడిగినవాళ్లూ మా వీధుల్లోనే ఉన్నారు. క్వార్టర్లో పుట్టి, క్వార్టర్లో పెరిగి, నాన్న రిటైరయ్యాక తాళం అప్పగించి సామాను బండికెక్కించిన కుటుంబాలు మావి. అటుపక్క 86 బస్తీలవాళ్లు తరాలుగా ఉంటున్న నేల మీద మాలికానా హక్కు అడుగుతూనే ఉన్నారు. ప్రతి ఎన్నికల్లోనూ ఆ మాట పైకొస్తుంది, ఎన్నికలయ్యాక మళ్లీ కిందికి పోతుంది.

మంచి క్వార్టరు ఎలా ఉంటుందో మాకు బాగా తెలుసని చెప్పడానికే ఇదంతా. నువ్వు కట్టిచ్చింది చాలా మంచి క్వార్టరు, స్వామీ.

ముందు నీ దానగుణం. మాలాంటివాళ్లను ఎన్నుకుని మరీ దానం చేశావు. 2015 ఫిబ్రవరిలో ఫేస్‌బుక్ తన ఇంటర్నెట్.ఆర్గ్‌ను ఈ దేశంలోకి తెచ్చినప్పుడు మొదటి వరసలో దిగిన ఆరు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఉన్నాయి. డేటాకు డబ్బు అక్కర్లేదన్నావు, కొన్ని సైట్లు చూసుకోండన్నావు. ఏ సైట్లో నువ్వే చెప్పావు. బీదవాడికి ఏది చాలో వాడికంటే ముందు నువ్వే గ్రహించావు. తరువాత దానికి ఫ్రీ బేసిక్స్ అని పేరు మార్చావు. అప్పటికే ఈ దేశపు జనం టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్‌కి పది లక్షలకు పైగా ఈమెయిళ్లు పంపారు. 2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ ఆ పద్ధతి కుదరదని తేల్చింది. నీ దానాన్ని వద్దనగలిగామంటే మాకు ఆ వేళ గొంతు దొరికింది కాబట్టి. దానం చేసే చేతిని ఆపడం ఎంత కష్టమో మా ఊరివాడికి చెప్పనక్కర్లేదు. ఆ ఒక్కసారి దేశమంతా కలిసి ఆపింది. అది నాకు ఇవాళ్టికీ గర్వంగా ఉంది.

ఆ తరువాత నిన్ను ఆపాల్సిన అవసరమే రాలేదు. 2016 సెప్టెంబరులో జియో వచ్చింది, డేటా చవకైంది, మేమే నీ గుమ్మం దగ్గరికి నడిచొచ్చాం.

ఇక నీ గోప్యత. 2016 ఏప్రిల్ నుంచి వాట్సాప్‌లో రాసిన ప్రతి మాటనూ నువ్వు మూసి ముద్ర వేస్తున్నావు. నడిమధ్యన ఎవరూ చదవలేరు, నువ్వు కూడా. ఇది నిజం, ఇది గొప్ప పని. లోపలున్న ఉత్తరాన్ని వదిలేసి కవరు మీద ఉన్నది మాత్రం నీ దగ్గర ఉంచుకున్నావు: ఎవరు ఎవరికి రాశారు, ఎప్పుడు రాశారు, ఎంత తరచుగా రాశారు, ఏ గుంపులో ఎవరున్నారు, ఎవరి ఫోనులో ఎవరి నంబరుంది. మనుషుల గురించి తెలుసుకోవడానికి ఉత్తరం చదవనక్కర్లేదన్న రహస్యం నీకు తెలిసినంతగా మాకు తెలియదు. ఒక అమ్మాయి రాత్రి పదకొండున్నరకు ఆసుపత్రి నంబరుకు ఫోన్ చేసి, వెంటనే అమ్మకూ, తెల్లారాక ఆఫీసు మేనేజరుకూ చేసిందంటే, వాళ్లు ఏం మాట్లాడుకున్నారో విననివాడికి కూడా ఆ ఇంట్లో ఏదో జరిగిందని తెలిసిపోతుంది.

2021 జనవరిలో నువ్వు మాకొక నోటీసు పంపావు. కొత్త షరతులకు ఒప్పుకుంటేనే ముందుకు సాగుతుందన్నావు. ఐరోపావాళ్లకు ఇచ్చిన వెసులుబాటు మాకివ్వలేదు. 2024 నవంబరులో మన కాంపిటీషన్ కమిషన్ ఈ పని మీదే వాట్సాప్ యజమాని మెటాకు 213.14 కోట్ల రూపాయల జరిమానా వేసింది. నువ్వు అప్పీలుకు వెళ్లావు. చట్టం పట్ల నీకున్న గౌరవం అలాంటిది. ప్రతి మెట్టూ ఎక్కుతావు, ప్రతి గడువూ వాడుకుంటావు. ఈలోగా మా ఇళ్లలో ఆ నోటీసు కింద ఉన్న ఆకుపచ్చ బటన్‌ను అందరూ నొక్కేశారు. మా అమ్మ కూడా నొక్కింది. ఆమె ఆ షరతులు చదవలేదు. చదివినా ఒప్పుకోక తప్పేది కాదు, ఎందుకంటే హైదరాబాదులో ఉన్న మనవడి ముఖం ఆ బటన్ వెనకాల ఉంది. మనవడి ముఖాన్ని అడ్డం పెట్టి సంతకం తీసుకునే నేర్పు ఏ వడ్డీవ్యాపారికీ లేదు, స్వామీ. నీకుంది.

అడగనివాళ్లకు కూడా సేవ చేస్తావు నువ్వు. 2018లో కేంబ్రిడ్జ్ అనలిటికా సంగతి బయటపడ్డాక ఫేస్‌బుక్ తానే లెక్క చెప్పింది. ఫేస్‌బుక్‌వాళ్ల వివరాలను ఆ సంస్థకు చేరవేసిన క్విజ్ యాప్‌ను మన దేశంలో పెట్టుకున్నవాళ్లు 335 మంది. వాళ్ల ద్వారా వివరాలు బయటికి పోయి ఉండొచ్చని తేలినవాళ్లు 5 లక్షల 62 వేల మంది. ఒక్కొక్కరి కుతూహలానికి సుమారు పదిహేడు వందల మందిని చేర్చి లెక్కగట్టావు. వాళ్లలో ఏ ఒక్కరూ అడగలేదు, ఒప్పుకోలేదు, వాళ్లకు తెలియను కూడా తెలియదు. నా జాగ్రత్త నన్ను కాపాడదని నాకు మొదట నేర్పింది ఈ లెక్కే. నా బంధువులందరూ జాగ్రత్తగా ఉంటేనే నేను జాగ్రత్తగా ఉన్నట్టు.

బంధువుల మాట వచ్చింది కాబట్టి మా పెళ్లి బయోడేటాల గురించి చెప్పాలి. ఇది నీ తప్పు కాదు, మా ఉదారత. నీకంటే మేమేం తక్కువ కాదని నీకు తెలియాలి.

ప్రవాసంలో ఉన్న తెలుగువాళ్లకు సంబంధాలు కుదుర్చుకోవడం కష్టం. జంషెడ్‌పూర్‌లో పెరిగిన పిల్లకు బరంపురం, రాయగడ, ఖరగ్‌పూర్, భిలాయి, విశాఖ, అన్నిచోట్లా వెతకాలి. ఒకప్పుడు ఈ పని రామమందిరం అరుగు మీదో, పేరంటంలోనో జరిగేది. వినేవాళ్లు నలుగురు, వాళ్లు ఎవరో చెప్పేవాళ్లకు తెలుసు. ఇప్పుడు ఒక్క పేజీలో పిల్ల పేరు, పుట్టిన తేదీ, పుట్టిన గంట, గోత్రం, నక్షత్రం, ఎత్తు, జీతం, పనిచేసే చోటు, తండ్రి హోదా, తల్లి పుట్టింటివారి ఇంటిపేరు, అన్నదమ్ముల ఉద్యోగాలు, ఇంటి చిరునామా, రెండు ఫోన్ నంబర్లు, పట్టుచీరలో నిలువెత్తు ఫొటో. ఇది ఒక గుంపులో పడుతుంది. అక్కణ్ణుంచి ఇంకో గుంపుకు, అక్కణ్ణుంచి ఇంకో ఊరికి. పెళ్లై, పిల్లలు పుట్టి, వాళ్లు బళ్లో చేరాక కూడా ఆ పేజీ ఎక్కడో ఒకచోట తిరుగుతూనే ఉంటుంది. దాన్ని వెనక్కి పిలవగల మంత్రం ఎవరికీ లేదు. బ్యాంకువాళ్లు ఫోన్‌లో మనం మనమేనా అని తేల్చుకోవడానికి అడిగేవి పుట్టిన తేదీ, తల్లి పేరు లాంటివే. వాటిని మేము ముత్యాల్లాంటి తెలుగు అక్షరాల్లో, గణపతి బొమ్మ కింద, ముందుగానే రాసి పంచిపెట్టాం.

మా రాష్ట్రంలోనే జామ్‌తాడా ఉంది. ఫోన్ చేసి మాటల్లో పెట్టి బ్యాంకు ఖాతాలు ఖాళీ చేసే ముఠాలకు దేశమంతా ఆ జిల్లా పేరే చెప్పుకున్నారు. అలాంటివాడు పొద్దుణ్ణుంచీ గుడ్డిగా నంబర్లు తిప్పుతూ కూర్చోవాల్సిన పని లేకుండా మనవాళ్లు చేసిపెట్టిన సాయం చిన్నది కాదు. ఏ గుంపులోనైనా వందలమంది నంబర్లు ఒకరికొకరికి కనబడుతూనే ఉంటాయి. వాళ్లలో ఎంతమందిని మనం కళ్లతో చూశాం?

మా ఆడపిల్లల ఫొటోలు ఇలా ఊళ్లు తిరగడం చూసినప్పుడు నాకు కలిగే బాధకు పొగడ్తలో చోటు లేదు. ఆ బాధ ఇక్కడ పొగడ్త కాకుండానే ఉండనీ.

నీ సర్వాంతర్యామిత్వం గురించి రెండు మాటల్లో చెప్పి ముందుకు పోతాను. అమెరికాలో విజియో టీవీలు ఇంట్లో ఏం చూస్తున్నారో చెప్పకుండా గమనించి అమ్ముకున్నందుకు 2017లో ఆ కంపెనీ 22 లక్షల డాలర్లు కట్టింది. పిల్లల గొంతుల రికార్డులు తల్లిదండ్రులు తీసేయమన్నా దాచిపెట్టిందని అలెక్సా విషయంలో అమెజాన్‌కు 2023లో రెండున్నర కోట్ల డాలర్లు పడ్డాయి. తల్లి మరచిపోయిన బిడ్డ మాటను నువ్వు మరచిపోలేదు.

నీ న్యాయస్థానం గురించి ఎంత చెప్పినా తక్కువే. ఆలస్యం లేదు, వాయిదాలు లేవు, వకీళ్లు లేరు, వాదన వినడం అసలే లేదు. 2019 అక్టోబరు చివర్లో ఒకసారి, నవంబరులో మరోసారి సుప్రీంకోర్టు సీనియర్ న్యాయవాది సంజయ్ హెగ్డే ఖాతాను ట్విట్టర్ నిలిపేసింది. మొదటిసారి దానికి కారణం, హిట్లర్‌కు అందరూ చెయ్యెత్తి వందనం చేస్తుంటే ఒక్కడు మాత్రం చేతులు కట్టుకుని నిలబడిన ఆ ప్రఖ్యాతమైన ఫొటో ఆయన పెట్టుకోవడం. దేశపు అత్యున్నత న్యాయస్థానంలో వాదించేవాడికి నీ న్యాయస్థానంలో నోరు లేకపోయింది. 2021లో అమెరికాలో ఒక తండ్రి తన పసిబిడ్డ జబ్బును డాక్టరుకు చూపించడానికి ఫొటో తీసి పంపాడు. గూగుల్ యంత్రం దాన్ని నేరమనుకుంది. పోలీసులు విచారించి ఆయన తప్పేమీ లేదన్నారు. గూగుల్ మాత్రం ఖాతా తిరిగి ఇవ్వలేదు. ఏళ్ల తరబడి ఉన్న ఉత్తరాలు, ఫొటోలు, ఫోన్ నంబరుతో సహా పోయాయి. పోలీసులు వదిలినా నువ్వు వదలలేదు. ధర్మం మీద అంత పట్టుదల నీది.

మా ఊళ్లో కూడా ఒకప్పుడు యజమాని మాటే తీర్పు. 1920లో కార్మికులు సమ్మె చేశారు, ఆ ఏడే జంషెడ్‌పూర్ లేబర్ అసోసియేషన్ పుట్టింది, ఆ ఏడే ప్రావిడెంట్ ఫండూ వచ్చింది. 1928 సమ్మెలో సుభాస్ చంద్ర బోస్ వచ్చి కార్మికుల పక్షాన నిలబడి ఒప్పందం కుదిర్చాడు. ఇచ్చే చెయ్యి మంచిదే. పుచ్చుకునేవాళ్లు లేచి నిలబడ్డాక ఆ చెయ్యి ఇంకా మంచిదైంది. నీ దగ్గర పనిచేసేవాళ్లం కాము మేము, కానీ రోజూ నీకోసం రాస్తాం, పాడతాం, పోట్లాడతాం, ఫొటోలు తీస్తాం. మాకు సంఘం లేదు, సమ్మె లేదు, కూర్చుని మాట్లాడటానికి ఎదురుగా నువ్వు లేవు.

ఒకటి మాత్రం ఉంది. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది సుప్రీంకోర్టు న్యాయమూర్తులు ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కు అన్నారు. ఆ తొమ్మిదిమందిలో మన జాస్తి చలమేశ్వర్ ఒకరు. అంతకు రెండేళ్ల ముందు ఈ ప్రశ్నను పెద్ద ధర్మాసనం తేల్చాలని పంపిన బెంచికి నాయకత్వం వహించింది కూడా ఆయనే. ఆ తీర్పు వెనక చట్టం రావడానికి ఆరేళ్లు పట్టింది, 2023లో వచ్చింది. నిబంధనలు రావడానికి ఇంకో రెండేళ్లు, 2025 నవంబరులో వచ్చాయి. ఆ ఎనిమిదేళ్లలో నువ్వు ఎంత పెరిగావో నీకు తెలుసు.

నీ వైరాగ్యం నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపెడుతుంది. ఆర్కుట్‌లో మనవాళ్లు ఊరి పేరున, కాలేజీ పేరున, అభిమాన హీరో పేరున ఎన్ని గుంపులు కట్టుకున్నారు! 2014 సెప్టెంబరు 30న మూసేశావు. గూగుల్ ప్లస్‌లో తెలుగు కవులు, ఫొటోలు తీసేవాళ్లు స్థిరపడుతున్నారనగా 2019 ఏప్రిల్‌లో మూసేశావు. స్వదేశీ వేదిక అని, తెలుగులో రాయండని పిలిచిన కూ 2024 జులైలో తలుపు మూసింది. పేరు దేశీది అయినంత మాత్రాన తాళంచెవి మన చేతికి రాదని అది చూపించింది. ఎన్ని లక్షల మాటలైనా సరే, లాభం లేదనిపించిన రోజున వెనక్కి తిరిగి చూడకుండా నడిచిపోగల నిర్మోహం నీది. ఋషులకు తపస్సు చేస్తే వచ్చేది అది.

కానీ స్వామీ, నువ్వు పుట్టకముందే మేము కంప్యూటర్ల మధ్య తెలుగులో మాట్లాడుకున్నాం. ఇది నీకు గుర్తుచేయాలి. 1990ల మొదట్లో యూస్‌నెట్‌లో తెలుగువాళ్లకు సాక్.కల్చర్.ఇండియన్.తెలుగు అని ఒక కూటమి ఉండేది. తెలుగు అక్షరాలు తెర మీద కనబడని రోజులవి. రైస్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న మన కుర్రాళ్లు కన్నెగంటి రామారావు, ఆనంద కిషోర్ ఇంగ్లిషు కీబోర్డు మీదే తెలుగును తప్పుల్లేకుండా రాసే ఆర్టీఎస్ పద్ధతి తయారుచేశారు. ఆ యూస్‌నెట్‌కు యజమాని లేడు. ఒక విశ్వవిద్యాలయపు కంప్యూటరు తన దగ్గరున్న మాటలను పక్క విశ్వవిద్యాలయపు కంప్యూటరుకు ఇచ్చేది, అది ఇంకోదానికి. ఒకటి ఆగిపోయినా మిగతావాటిలో మాట బతికుండేది. నెట్ మీద తెలుగు సాహిత్యచర్చ పుట్టింది ఎవరి క్వార్టర్లోనూ కాదు, ఊరుమ్మడి స్థలంలో. చివరికి ఆ పాత మాటల పెట్టె కూడా నీ చేతికే వచ్చింది. డేజా దగ్గరున్న యూస్‌నెట్ నిల్వను 2001లో గూగుల్ కొన్నది. 2024 ఫిబ్రవరి నుంచి కొత్త మాటలు తీసుకోవడం మానేసింది.

ఆ ఉమ్మడి స్థలం ఊహ చచ్చిపోలేదు. మాస్టడాన్ అని 2016లో ఒయ్‌గెన్ రోచ్కో అనే జర్మనీ కుర్రవాడు మొదలుపెట్టాడు. అది ఒక కంపెనీ సైటు కాదు. ఎవరి సర్వరు వాళ్లు పెట్టుకోవచ్చు, ఆ సర్వర్లన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. జీమెయిల్‌వాడు యాహూవాడికి ఉత్తరం రాయగలిగినట్టే, ఒక సర్వరులో ఉన్నవాడు ఇంకో సర్వరులో ఉన్నవాణ్ణి అనుసరించగలడు. ఆ మాట్లాడుకునే భాషను యాక్టివిటీపబ్ అంటారు. వెబ్ ప్రమాణాలు నిర్ణయించే డబ్ల్యు3సి 2018 జనవరిలో దాన్ని ఆమోదించింది. హెగ్డే ఖాతా పోయిన ఆ 2019 నవంబరులో మన దేశంవాళ్లు గుంపులు గుంపులుగా మాస్టడాన్‌కు వెళ్లారు. కొన్నాళ్లకు చాలామంది తిరిగొచ్చారు. వాళ్లను నువ్వు తిట్టలేదు, దండించలేదు. వాళ్ల స్నేహితులందరినీ నీ దగ్గరే కూర్చోబెట్టుకుని నిశ్శబ్దంగా ఎదురుచూశావు. నీ ఓర్పుకు నమస్కారం.

సొంత సర్వరు పెట్టుకోవడం సులువని నేను నమ్మబలకను. అరచేతిలో పట్టే రాస్ప్‌బెర్రీ పై, ఒక డిస్క్, ఫొటోలకూ ఫైళ్లకూ నెక్స్ట్‌క్లౌడ్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేరు, లెట్స్ ఎన్‌క్రిప్ట్ నుంచి ఉచితంగా వచ్చే సర్టిఫికెట్టు, ఇంతవరకూ అందరికీ అందేదే. ఆ తరువాత మొదలవుతాయి కష్టాలు. ఇంటికి వచ్చే ఇంటర్నెట్ కనెక్షన్‌కు చాలాసార్లు సొంత చిరునామా ఉండదు. వందల ఇళ్లను ఒకే ఐపీ వెనక కూర్చోబెడతారు, బయటివాడు మన తలుపు తట్టలేడు. విడిగా ఐపీ కావాలంటే విడిగా డబ్బు. కరెంటు సంగతికొస్తే, కంపెనీ ఇచ్చే కద్మాలో ఒక తీరు, నది దాటి మానగోకు వెళితే ఇంకో తీరు. అన్నీ దాటి సొంతంగా ఈమెయిల్ సర్వరు పెట్టినవాడి ఉత్తరం తరచుగా జీమెయిల్‌లో స్పామ్ గదిలోకి పోతుంది. ముక్కూ మొహం తెలియని చిన్నవాణ్ణి నీ కోటలోకి రానివ్వకపోవడం నీ జాగ్రత్త. ఆ జాగ్రత్త వల్లే వాడు మళ్లీ నీ దగ్గరికే వస్తాడు.

ఈ కష్టాలను ఒక్కొక్కటిగా తీసే పనిలో మనవాళ్లూ ఉన్నారు. 2010లో ఎబెన్ మోగ్లెన్ అనే ఆయన న్యూయార్కులో ఒక ఉపన్యాసమిచ్చాడు. మన సమాచారం మన ఇంట్లో, మన గోడకు తగిలించిన చిన్న పెట్టెలో ఉండాలన్నాడు. దానిలోంచి ఫ్రీడంబాక్స్ పుట్టింది. దాన్ని ఏళ్ల తరబడి నిర్మిస్తూ వచ్చిన ముఖ్య ఇంజనీర్లలో తెలుగువాడు సునీల్ మోహన్ అడప ఒకరు. హైదరాబాదులో స్వేచ్ఛ అనే సంస్థ స్వేచ్ఛా సాఫ్ట్‌వేరును తెలుగులోకి తెచ్చే పని ఎప్పటినుంచో చేస్తోంది. 2003లో మొదలైన తెలుగు వికీపీడియాను చూడు. ఎవరి సొత్తూ కాదు, మొత్తం దింపుకుని ఎవరి డిస్కులో వాళ్లు పెట్టుకోవచ్చు, రేపు నడిపేవాళ్లు మారినా మాటలు పోవు. వీళ్లెవరికీ నీ అంత డబ్బు లేదు. అయినా వీళ్లు కట్టినవాటికి తాళం బయట వేయలేదు.

ఒక్కో ఇంటికీ ఒక్కో సర్వరు కుదరని పని. ఊరికి ఒకటి కుదురుతుంది. జంషెడ్‌పూర్ తెలుగువాళ్లం వందేళ్లుగా చందాలు వేసుకుని గుళ్లు కట్టాం, బళ్లు నడిపాం, నాటకాలాడాం, ఉగాదికి పంచాంగ శ్రవణం పెట్టాం. సభ్యుల జాబితా రాసుకోవడం, లెక్కలు చూపించడం, కార్యదర్శిని ఎన్నుకోవడం, నచ్చకపోతే వచ్చే ఏడు మార్చుకోవడం, ఇవన్నీ మాకు వచ్చు. ఐరోపా సమాఖ్యలో డేటా రక్షణను పర్యవేక్షించే సంస్థ 2022లో సొంత మాస్టడాన్ సర్వరు పెట్టుకుంది, మరుసటేడు నెదర్లాండ్స్ ప్రభుత్వం పెట్టుకుంది. వాళ్లు చేసినది ప్రభుత్వాలకే చాతనయ్యే పని కాదు. చందాలు వేసుకునే సంఘం చేయగలదు. ఇద్దరు ఇంజనీరు పిల్లలకు చిన్న జీతమిచ్చి, రెండు చోట్ల బ్యాకప్ పెట్టి, పెళ్లి బయోడేటాలు, శ్రీరామనవమి కల్యాణం ఫొటోలు, పాత నాటకాల రికార్డింగులు, సభ్యుల ఫోన్ నంబర్లు అందులో ఉంచుకోవచ్చు. పెళ్లి కుదిరిన రోజున పిల్ల పేజీని తీసేయగల హక్కు ఆ పిల్లకే ఉండాలి. నా కోరికలన్నిటిలో అది మొదటిది.

మా భజన బృందంలో పెద్దాయన ఒకరు పోయారు. ముప్పయ్యేళ్ల పాటలు ఆయన ఫోనులో, ఒక ఖాతాలో ఉన్నాయి. పాస్‌వర్డు ఎవరికీ తెలియదు. కంపెనీకి రాశాం. మరణ ధ్రువీకరణ పత్రం పంపాం. యంత్రమే జవాబిస్తోంది, చాలా మర్యాదగా. పాటలు భద్రంగా ఉన్నాయని నాకు నమ్మకమే. అంత భద్రంగా ఆయన కూడా దాచలేదు, ఆయనే ఇంట్లో దాచి ఉంటే మాకు దొరికేవి.

స్వామీ, నిన్ను విడిచిపెడతానని బెదిరించడం లేదు. అమ్మ అక్కడుంది, నేనెక్కడికి పోతాను? తలుపు తియ్యమని అడుగుతున్నాను. 2025 చివర్లో ఐరోపాలో చట్టం గట్టిగా చెప్పాక వాట్సాప్‌లోకి బయటి యాప్‌ల నుంచి కూడా రాసే వీలు ఇచ్చావు. అంటే అది సాధ్యమే. మా అమ్మ నీ దగ్గరే ఉండి, నేను మా సంఘం సర్వరులో ఉండి, ఇద్దరం మాట్లాడుకోగలిగితే నీకు పోయేదేమిటో ఒక్కసారి చెప్పు. మేము వెళ్లిపోయేటప్పుడు మా రాతలు, మా ఫొటోలు ఇంకోచోట తెరుచుకునే రూపంలో కట్టి ఇవ్వు. పోయినవాళ్ల సామాను వాళ్ల పిల్లలకు అప్పగించడానికి ఒక మనిషిని పెట్టు, తెలుగు తెలిసిన మనిషిని.

మా ఊరి నేల మీద టాటా కంపెనీకి కూడా మాలికానా లేదు. ప్రభుత్వం లీజుకిచ్చింది. 1996 నుంచి లెక్కగట్టి ముప్పయ్యేళ్లకు, అంటే 2025 చివరిదాకా. గడువు దగ్గరపడితే వార్తాపత్రికలు రాస్తాయి, నాయకులు మాట్లాడతారు, బస్తీలవాళ్లు తమ మాట వినిపిస్తారు. నీ షరతుల కాగితంలో గడువు లేదు, ఎప్పుడైనా మార్చుకుంటామన్న వాక్యం ఉంది. మా పిల్లల ముఖాలున్న చోటికి ఒక తేదీ వెయ్యి. ఆ తేదీన నీకు ఎదురుగా కూర్చుని అడగడానికి మా తరపున ఎవరు రావాలో మేము ఎన్నుకుంటాం.